చదివి వినిపించినవారు

ఆ వేసవిలో కాలవ కట్టేసిన మూడో రోజున బ్యాంకు నుంచి రిజిస్టరు పోస్టు వచ్చింది. మూడు కవర్లు. ఒకటి మా కంపెనీ పేరున, ఒకటి మా ఆయన పవన్ పేరున, మూడోది మా మావయ్య బ్రహ్మయ్య గారి పేరున. పోస్ట్‌మాన్ మూడింటికీ నా చేతే సంతకాలు పెట్టించుకున్నాడు. కాగితాల పని మా ఇంట్లో మొదట్నుంచీ నాదే. బీకాం చదివిన కోడలు వచ్చిందని నా పెళ్ళయిన కొత్తలో మావయ్య మా పెడన ఊరంతా చెప్పుకున్నారు. కరెంటు బిల్లు దగ్గర్నుంచి డాక్టరు రాసిన చీటీ దాకా నా చేతికిచ్చి "చూడమ్మా హేమా, ఏమన్నాడో" అనేవారు. నేను పైపైన చూసి రెండు ముక్కల్లో చెప్పేదాన్ని. ఆయనకు అంతే చాలు.

ఆ పొద్దున ఆయన అద్దకపు బల్ల ముందు కూర్చుని చెక్క అచ్చుల సందుల్లో పేరుకున్న రంగును చీపురుపుల్లతో గీకుతున్నారు. కాలవ కట్టేస్తే ఏటా అదే పని. పారే నీళ్ళలో ఉతికితే తప్ప మా కలంకారీ గుడ్డకు ఎరుపు సరిగ్గా పట్టదు. అందుకని కాలవ ఆగితే అద్దకమూ ఆగుతుంది. మళ్ళీ జూన్ ఆఖరుకో జులైకో నీళ్ళొచ్చేదాకా అచ్చులు శుభ్రం చేసుకుంటూ, పేపరు మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదువుకుంటూ కూర్చునేవారు. ఆయనకు ఇంగ్లీషు రాదు గానీ తెలుగు పేపర్లో టెండరు ప్రకటనలు కూడా వదిలేవారు కాదు.

"నా పేరు మీద ఏం వచ్చిందమ్మా?" అన్నారు తలెత్తకుండానే.

"ఏం లేదు మావయ్యా. కంపెనీ ఉత్తరాలు, అందరికీ పంపుతారు."

"నేను కంపెనీలో లేనుగా?"

"అయినా పంపుతారండీ."

ఆయన తల ఊపి ఇంకో అచ్చు అందుకున్నారు. నేను వంటింట్లోకి వెళ్ళి కవరు చించాను. అరవై రోజుల్లోగా మొత్తం బాకీ కట్టకపోతే హామీదారు తనఖా పెట్టిన ఇంటిని స్వాధీనం చేసుకుంటామని రాసి ఉంది. పీట మీద కూర్చుని మళ్ళీ మొదటి నుంచి చదివాను. ఆ ఇంగ్లీషులో నాకు అర్థం కాని మాట ఒక్కటి కూడా లేదు.

కంపెనీ అన్నానని పెద్దగా ఏమీ ఊహించుకోకండి. పవన్, తన స్నేహితుడు గుడివాడ ఆనంద్, ఇద్దరే డైరెక్టర్లు. ఊరి చివర లీజు స్థలంలో ఒక రేకుల షెడ్డు, పన్నెండు మంది పనివాళ్ళు, ఒక బోర్డు. బోర్డు మీద 'ప్రైవేట్ లిమిటెడ్' అన్న రెండు మాటలకు పెయింటరు ఎక్కువ గుంజాడని పవన్ మురిసిపోతూ చెప్పేవాడు. కాలవ కోసం చూడకుండా పన్నెండు నెలలూ అద్దకం వేయాలన్నది వాళ్ళ ఆలోచన. అందుకు బోరు వేశారు, సిమెంటు తొట్లు కట్టారు, నీళ్ళు శుద్ధి చేసే యంత్రం తెప్పించారు. బ్యాంకు అప్పు అంతా దానికే. మావయ్య ఒకటే మాట అన్నారు, "మన భూమిలో ఉప్పుందిరా అబ్బాయ్. గుడ్డ ఒప్పుకోదు." వాళ్ళిద్దరూ నవ్వారు. నేనూ నవ్వాను.

గుడ్డ నిజంగానే ఒప్పుకోలేదు. కిందటి వేసవిలో ఢిల్లీ వాళ్ళు రెండు వేల దుప్పట్లు అడిగారు. కాలవలో నీళ్ళు లేవు, గడువు దగ్గర పడింది. బోరు నీళ్ళతో తొట్లలో ఉతికి రాగి కాగులో ఉడకేస్తే, ఎరుపు తేలాల్సిన చోట పాత ఇటుక రంగు తేలింది. సరుకంతా లారీలో తిరిగొచ్చింది. దసరాకి షెడ్డు మూతపడింది.

నోటీసు వచ్చిన మర్నాడు పవనూ నేనూ బందరు వెళ్ళాం. బ్యాంకు మేనేజరు సాంబశివరావు గారు కొత్తగా వచ్చారు. ఎండన పడి వచ్చామని మజ్జిగ తెప్పించారు. కసిరే మనిషైతే మేమూ నాలుగు మాటలు అనేవాళ్ళం. ఈయనతో మెల్లగానే మాట్లాడాల్సి వచ్చింది.

"సార్, మాది లిమిటెడ్ కంపెనీ కదండీ," అన్నాడు పవన్. "కంపెనీ బాకీ కంపెనీదేగా. షెడ్డు తీసుకోండి, మిషన్లు తీసుకోండి."

"తీసుకుంటాం బాబూ. షెడ్డు లీజు స్థలంలో ఉంది. మిషన్లకి పాత ఇనుము ధర వస్తే గొప్ప."

"మరి లిమిటెడ్ అన్నది దేనికండీ?"

"రంగులు అమ్మేవాడు కంపెనీకి అరువిచ్చాడనుకోండి, వాడు మీ ఇంటి మీదకి రాలేడు. అక్కడ ఆ మాట పనికొస్తుంది. బ్యాంకు అలా ఇవ్వదు కదా. అందుకే డైరెక్టర్లు మీ ఇద్దరి చేతా, మీ నాన్నగారి చేతా విడిగా హామీ రాయించుకుంది. కంపెనీ మూసేసుకున్నా ఆ హామీ ఉంటుంది. ముగ్గురిలో ఎవర్నైనా మొత్తం అడగొచ్చు. మీ నాన్నగారికి ఇల్లుంది, అది తనఖాలో ఉంది. ముందు అక్కడికే వెళ్తాం."

పవన్ గొంతు పెరిగింది. "మా నాన్నకి ఇవేం తెలీవండీ. ఆయనకి ఇంగ్లీషు రాదు."

సాంబశివరావు గారు ఫైలు తిరగేసి ఒక కాగితం మా వైపు తిప్పారు. తెలుగులో సంతకం చేసేవాళ్ళ దగ్గర వేరుగా తీసుకునే కాగితం అది. 'పై పత్రంలోని సంగతులన్నీ నాకు తెలుగులో చదివి వినిపించగా పూర్తిగా అర్థం చేసుకుని సంతకం చేశాను' అని మావయ్య గుండ్రటి అక్షరాలు. కింద 'చదివి వినిపించినవారు' అన్న చోట నా సంతకం. పక్కన కుండలీకరణాల్లో 'కోడలు, బీకాం' అని కూడా ఉంది. బీకాం అని రాయమని ఎవరూ అడగలేదు, నేనే రాశాను.

"ఈ సంతకం మీదే కదమ్మా?"

"నాదేనండీ."

తిరుగు బస్సు ఎక్కాం. సగం దారిలో పవన్ కిటికీలోంచి చూస్తూ అన్నాడు, "ఆ రోజు నేనూ పక్కనే ఉన్నాను హేమా. నువ్వన్నది విన్నాను."

విన్నాడు, నిజమే. ఐదేళ్ళ కిందట, ముసురు పట్టిన ఒక సోమవారం, అదే బ్యాంకులో పద్దెనిమిది పేజీల కట్ట మా ముందు పెట్టారు. మావయ్య జేబులోంచి కళ్ళజోడు తీసి, ఇంగ్లీషు చూసి మళ్ళీ జేబులో పెట్టుకున్నారు. "ఏముందమ్మా ఇందులో?" అన్నారు. నేను అప్పటికే అంతా చూసేశాను. బయట వాన, లోపల పవన్ మొహంలో పెళ్ళినాడు కూడా చూడని సంబరం. "ఏం లేదు మావయ్యా, ఊరికే ఫార్మాలిటీ. కంపెనీ లిమిటెడ్ కదా, మన ఇంటి దాకా రాదు" అన్నాను. ఆయన ఇంకో మాట అడక్కుండా పేజీ పేజీకీ సంతకం పెట్టారు. అది అబద్ధమని నాకు తెలుసు. హామీదారు బాధ్యత మీద కాలేజీలో పది మార్కుల ప్రశ్నకు జవాబు రాసినదాన్ని. అది పరీక్షలో వచ్చే మాట అనుకున్నాను గానీ ఇంటికి వచ్చే మాట అనుకోలేదు.

"నాన్నకి ఇప్పుడే చెప్పొద్దు," అన్నాడు పవన్. "ఎక్కడో అక్కడ సర్దుదాం."

సరే అన్నాను. నాకూ అదే కావాలి. పైగా ఒక ఓదార్పు దొరికించుకున్నాను. ఆ రోజు అక్షరం అక్షరం చదివి చెప్పినా ఆయన కాదనేవారా? ఒక్కగానొక్క కొడుకు. కళ్ళు మూసుకుని సంతకం పెట్టేవారు. ఆ వేసవంతా అంట్లు తోముతూ, బట్టలు ఆరేస్తూ ఈ మాటే నాకు నేను చెప్పుకున్నాను. చెప్పుకున్న కొద్దీ అది నిజంలాగే వినిపించింది.

మే నెలలో గుడివాడ వెళ్ళాం. ఆనంద్ మార్కెట్ వెనక వీధిలో రెండో అంతస్తులో ఉంటాడు. సరుకు తిరిగొచ్చిన నెలలోనే డైరెక్టరుగా రాజీనామా ఇచ్చేశాడు. ఇప్పుడు రెడీమేడ్ బట్టలు మోటారు సైకిలు మీద పల్లెలకు తిప్పి అమ్ముకుంటున్నాడు. మమ్మల్ని చూడగానే లేచి నిలబడ్డాడు.

"వదినా, ముందే చెప్తున్నా, నేను తప్పించుకు తిరగట్లేదు. నాకూ నోటీసొచ్చింది."

"ఫ్లాటు మీద ఏమైనా..." అని పవన్ మొదలుపెట్టాడు.

"ఫ్లాటు గాయత్రిది. వాళ్ళ నాన్న రాసిచ్చింది." ఆనంద్ వంటింటి వైపు చూశాడు. అక్కడ అతని భార్య గాయత్రి మాకు వీపు పెట్టి ఏదో తరుగుతోంది. ఒక్కసారి కూడా ఇటు తిరగలేదు. "నా పేరున బండి ఉందిరా. దాని మీద ఫైనాన్సు ఉంది. రమ్మను, తీసుకోమను. నాకు బ్యాంకు వాళ్ళంటే భయం లేదు వదినా, నా దగ్గర ఏముందని? నాకు మీ మావయ్య గారి మొహం చూడాలంటేనే భయం."

ఆ మాటకి నాకు ఒళ్ళు మండింది. ఏమీ లేనివాడికి ఎంత నిశ్చింత అనిపించింది. మరుక్షణం సిగ్గేసింది. ఆ కాగితాల ప్రకారం నేను ఆనంద్ కంటే నిశ్చింతగా ఉన్నాను. అప్పుకి అతను హామీ, నా మొగుడు హామీ, ఇంగ్లీషు చదవడం రాని ముసలాయన హామీ. చదివినదాన్ని నేను, నా మీద పైసా లేదు.

ఇంటికొచ్చేసరికి మావయ్య బల్ల మీద తెల్ల గుడ్డ పరిచి అద్దకం వేస్తున్నారు. కరక్కాయ నీళ్ళలో ముంచి ఆరేసిన గుడ్డ, లేత పసుపు రంగులో ఉంది. పటిక ముద్ద అద్దిన అచ్చును మునివేళ్ళతో నిలబెట్టి, వెనకనుంచి పిడికిలితో ఒక్క దెబ్బ వేస్తున్నారు. ఆయన చెయ్యి డెబ్బై ఏళ్ళ చెయ్యిలా లేదు.

"కాలవ లేదుగా మావయ్యా, ఇప్పుడెందుకు?"

"అద్ది పెట్టుకుంటే నీళ్ళొచ్చిన రోజునే ఉతకొచ్చని. ఈ ఏడు మొదటి దుప్పటి మీ గదికే." నేను గుడ్డ మీదకు వంగి చూస్తుంటే నవ్వారు. "ఏం కనపడుతుందమ్మా? పటిక అద్దినప్పుడు ఏం తెలీదు. కాగులో పడి ఉడికాక తెలుస్తుంది ఎక్కడెక్కడ అద్దామో."

ఆయన పని గురించే అన్నారు. నాకు మాత్రం బ్యాంకు కాగితం మీద నా సంతకం కళ్ళ ముందు మెదిలింది. ఆ నిమిషాన చెప్పేయాల్సింది. టీ పెడతానని లోపలికి పోయాను.

అరవై రోజులు అలాగే అయిపోయాయి. పవన్ అడగని మనిషి లేడు. ఊళ్ళో తెలిసినవాళ్ళు ముందు జాలి పడ్డారు, తర్వాత ఫోను ఎత్తడం మానేశారు. జూన్ మూడో వారంలో బ్యాంకు వాళ్ళు ఇద్దరు వచ్చి వీధి తలుపు పక్కన గోడకు కాగితం అంటించి, దాని ముందు నిలబడి ఫోటో తీసుకుని వెళ్ళారు. మావయ్య ఆ టైములో కాలవ మీది లాకుల దాకా నడిచి నీళ్ళు ఎక్కడి దాకా వచ్చాయో కనుక్కోవడానికి వెళ్ళారు. నేను చెంబుతో నీళ్ళు కొట్టి, గరిటెతో గీకి ఆ కాగితం ఊడదీశాను. గోడకు సున్నం కూడా పెచ్చులుగా లేచొచ్చింది. ఆయన తిరిగొచ్చి "గోడకేమయిందమ్మా?" అంటే, బల్లి గుడ్లు పెడితే గీకానన్నాను.

రెండు రోజుల తర్వాత అది పేపర్లో పడింది. అలా వేస్తారని నాకు తెలుసు. ఇంగ్లీషు పేపర్లో ఒకటి, తెలుగు పేపర్లో ఒకటి. ఆ సంగతి ఎలా మర్చిపోయానో నాకు ఇప్పటికీ తెలీదు. పొద్దున కాఫీ తెచ్చి ఇచ్చేసరికి మావయ్య తొమ్మిదో పేజీ దగ్గర ఉన్నారు. టెండర్లు, పోయిన పాస్‌బుక్కులు, వాటి మధ్యన మా ఇల్లు. సర్వే నంబరు, నాలుగు హద్దులు. తూర్పున కాలవ గట్టు అని ఉంది.

ఆయన పేపరు మడిచి మోకాలి మీద పెట్టుకున్నారు.

"హామీదారు అంటే నేనేనా అమ్మా?"

"అవును మావయ్యా."

"ఆ కాగితాలు నీ దగ్గరున్నాయా?"

"జిరాక్సు ఉందండీ."

"తీసుకురా. చదువు."

"ఇప్పుడెందుకు మావయ్యా, ఇప్పుడు చదివి..."

"అంతా చదువు. ఏదీ వదలొద్దు."

పవన్ అప్పటికి బంటుమిల్లి దగ్గర రొయ్యల చెరువుల మీద పనికి కుదిరాడు. ఇంట్లో మేమిద్దరమే. నేను కింద చాప మీద కూర్చుని పద్దెనిమిది పేజీలూ చదివాను. ఒక వాక్యం ఇంగ్లీషులో చదవడం, దాన్ని తెలుగులో చెప్పడం. కంపెనీ కట్టకపోతే నేను కడతాను. కంపెనీని ముందు అడగమని నేను అనను. కంపెనీ మూతపడినా, చేతులు మారినా నా బాధ్యత తగ్గదు. ఒక్కో వాక్యం దగ్గర ఆయన "ఊ" అనేవారు. అర్థం కానిచోట ఆపి మళ్ళీ చెప్పించుకున్నారు. ఆయన అడిగిన ప్రశ్నలు విని నాకు ఆశ్చర్యమేసింది. మంచి ప్రశ్నలు. ఆ రోజు బ్యాంకులో అడగాల్సినవి, అడిగే అవకాశం నేను ఇవ్వనివి.

పన్నెండో పేజీ దగ్గర ఉండగా గట్టు మీద కేకలు వినిపించాయి. "నీళ్ళొచ్చాయ్! నీళ్ళొచ్చాయ్!" ఏటా ఆ కేక వినగానే పంచె ఎగగట్టి అందరికంటే ముందు కాలవలో దిగేది మావయ్యే. బురద నీళ్ళు, చెత్తా చెదారం, అయినా సరే దిగి దోసిలితో నెత్తిన చల్లుకునేవారు. ఆ రోజు కుర్చీలోంచి కదల్లేదు. "ఊ, చదువు," అన్నారు.

అయిపోయేసరికి మధ్యాహ్నమైంది.

"ఇల్లిచ్చేస్తే తీరిపోతుందా?"

"తీరదు మావయ్యా. ఇల్లు అమ్మగా ఇంకా బాకీ మిగులుతుంది. అది మీ మీదే ఉంటుంది. పవన్ మీదా, ఆనంద్ మీదా కూడా."

"ఎన్నాళ్ళు?"

"తీరేదాకా."

ఆయన కాలవ వైపు తిరిగారు. తర్వాత చాలా మామూలుగా, పప్పులో ఉప్పు తగ్గిందన్నట్టు అన్నారు.

"అప్పుడిలా చదివుంటే పెట్టేవాణ్ణి కాదమ్మా."

నేను ఏడుస్తూ ఆయన కాళ్ళ దగ్గర చెయ్యి పెట్టాను. "పవన్ కోసమైనా పెట్టేవారేమోనని..." అన్నాను.

"పెట్టేవాణ్ణి కాదు. బోరు నీళ్ళతో పని అవదని నాకు తెలుసు. తెలిసి ఇల్లెలా పెడతాను? వాడు నాలుగు రోజులు మాట్లాడేవాడు కాదు, అంతేగా." తిట్టలేదు. కాళ్ళు వెనక్కి లాక్కోలేదు. "లే అమ్మా, అన్నం పెట్టు," అన్నారు.

నేను ఆ వేసవంతా పట్టుకు వేలాడిన ఒక్క మాటా అలా తెగిపోయింది. అన్నం పెట్టాను. ఆయన తిన్నారు. పటిక అద్దిన దుప్పటి మడత పెట్టి అలాగే ఉంది. దాన్ని ఉతకడానికి ఆయన తీసుకెళ్ళలేదు.

జులై మొదటి వారంలో ఆయనే బందరు వెళ్ళి తాళాలు ఇచ్చారు. ఇంకా టైముందనీ, కోర్టుకు వెళ్తే కొన్ని నెలలు ఉండొచ్చనీ సాంబశివరావు గారే చెప్పారట. "పోలీసులొచ్చి సామాను వీధిలో పెట్టేదాకా ఉండనండీ," అన్నారట మావయ్య. అచ్చులు మాత్రం రెండు గోనె సంచుల్లో పట్టినన్ని తెచ్చుకున్నాం. స్టేషను వైపు ఒక గది, వరండా అద్దెకు తీసుకున్నాం. గోనె సంచులు వరండాలో పెడితే నడవడానికి దారి లేదు.

మావయ్య ఊళ్ళోనే అద్దకం చేయించే వీరలక్ష్మి గారి షెడ్డులో రోజు కూలికి కుదిరారు. యాభై ఏళ్ళు తన బల్ల మీద తన అచ్చు కొట్టిన మనిషి. కాలవలో నడుం లోతు నీళ్ళలో నిలబడి ఇంకొకరి గుడ్డ ఉతుకుతుంటే గట్టు మీంచి నేను చూశాను. ఆ ఏడు నీళ్ళు బాగా వచ్చాయి. వీరలక్ష్మి గారి దుప్పట్లకు ఎరుపు చక్కగా తేలింది. అవతలి గట్టు మీద మా ఇంటి తలుపుకు బ్యాంకు తాళం, లక్క ముద్ర ఉన్నాయి. ఆయన అటు వీపు పెట్టి ఉతుక్కుంటున్నారు.

నాతో మాట్లాడటం మానలేదు. "అమ్మా" అనే పిలిచేవారు. కూర బాగుంటే బాగుందనేవారు. అసలేమీ జరగలేదేమోనని ఒక్కోసారి నాకు భ్రమ కలిగేది.

ఆ నెలాఖరులో ఆయన పేరున మళ్ళీ రిజిస్టరు పోస్టు వచ్చింది. వేలం తేదీ గురించి అయి ఉంటుంది. పోస్ట్‌మాన్ అలవాటు కొద్దీ కవరు, పెన్ను నా వైపు చాపాడు. మావయ్య వరండాలోంచి లేచి వచ్చి తనే సంతకం పెట్టి తీసుకున్నారు. నేను చీరకు చేతులు తుడుచుకుని, కవరు కోసం చెయ్యి చాపాను.

ఆయన దాన్ని రెండుగా మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నారు.

"నీకెందుకులే అమ్మా శ్రమ," అన్నారు నెమ్మదిగా. "వీరలక్ష్మి గారి గుమాస్తా ఉన్నాడు. అతను చదివి చెప్తాడు."

చెప్పులు వేసుకుని షెడ్డు వైపు వెళ్ళిపోయారు.